చప్పుడు లేని ఫ్యాను

మోటారు ఎందుకు మొత్తుకుంటోందో తెలుసుకోవడానికి మీటరు తర్వాతి మాట, ముందు కావలసింది చెవి. బెజవాడ ఆటోనగర్‌లో మా వారి వైండింగు షాపులో ఏళ్ల తరబడి రాగితీగ చుట్టినదాన్ని నేను. షాపులోకి ఏ మోటారు వచ్చినా ఆయన వెంటనే విప్పేవారు కాదు. కరెంటిచ్చి, రేడియో కట్టేయించి, కాసేపు వినేవారు. "దాని బాధేంటో అదే చెబుతుంది, మనం నోరు మూసుకుంటే చాలు" అనేవారు. ఆయన పోయాక షాపు తీసేశాం. పనిముట్ల సంచి మాత్రం నా మంచం కిందికి చేరింది. మా అపార్టుమెంటులో ఎవరి మిక్సీ ఆగినా, ఎవరి టేబుల్ ఫ్యాను మొరాయించినా ఆ సంచి బయటికొస్తుంది.

రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. అయిదో అంతస్తు ఆవిడ చెమటలు తుడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చింది.

"పిన్నిగారూ, మా పెద్ద బెడ్‌రూమ్ బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాను ప్రాణాలు తోడేస్తోందండీ. వచ్చే వారం అబ్బాయీ కోడలూ అమెరికా నుంచి దిగుతున్నారు. ఆ గది వాళ్లకే. మనవడు చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చుంటాడట. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఫ్యాను మార్చేయాల్సిందే, పద్దెనిమిది వందలవుతుందన్నాడు. డబ్బు గురించి కాదండీ, కొత్త ఫ్యాను ఆ కంతలో పట్టకపోతే గోడ కొట్టాలట. టైల్స్ పగిలితే మళ్లీ ఆ రంగువి దొరకవు."

మార్చేద్దాం అన్నది ఈ రోజుల్లో మెకానిక్కుల నోట ముందుగా వచ్చే మాట. పూర్తిగా వాళ్ల తప్పని అనలేను. బాగుచేసినందుకు రెండొందలడిగితే గీచి గీచి బేరమాడతాం, కొత్తదానికి రెండు వేలు మారుమాట లేకుండా తీసిస్తాం. అరగంట కూర్చుని బాగుచేసే ఓపిక అతనికెందుకుంటుంది?

సంచి తీసుకుని పైకెళ్లాను. ముందుగదిలో ఇంటాయన టీవీలో క్రికెట్ చూస్తున్నారు. బాత్‌రూమ్ తలుపు తీయగానే గుప్పున ఘాటు కొట్టింది. పనిచేసే పిల్ల గొంతుక్కూచుని నేల రుద్దుతోంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆగి ఆగి దగ్గుతోంది. పక్కనే ఆసిడ్ సీసా, మగ్గులో బ్లీచింగు పౌడరు.

"ఇంత ఘాటులో ఫ్యాను వేసుకోవచ్చు కదమ్మా" అన్నాను.

"అయ్యగారు టీవీ చూస్తున్నారండీ. ఈ మోతకి వినపడదంటారు" అంది, కళ్లు నలుపుకుంటూ.

ముందు ఆ పిల్లని బయటికి రమ్మన్నాను. ఇది చదివేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవలసిన సంగతి. ఆసిడూ బ్లీచింగూ ఒకేచోట కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ఊపిరితిత్తులకు విషం. ఒకసారికి ఏదో ఒకటే వాడాలి, దాన్ని బాగా నీళ్లు కొట్టి కడిగేశాకే రెండోదాని జోలికి పోవాలి. "అందుకా అండీ దగ్గు! నాకేదో జబ్బు చేసిందనుకుంటున్నా" అంది ఆ పిల్ల. పైకి చూస్తే సీలింగు మూలల్లో నల్లటి బూజు మచ్చలు. చప్పుడుకి భయపడి ఫ్యాను వేయడం మానేస్తే జరిగేది అదే. స్నానపు ఆవిరి బయటికి పోయే దారి లేక గోడకు పడుతుంది, తలుపు చెక్క ఉబ్బుతుంది, బూజు పడుతుంది.

"మా ఇంటి మనిషే పిన్నిగారూ" అంది ఇంటావిడ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి. "ఆరేళ్ల నుంచి చేస్తోంది. ఒక్క పూట నాగా పెట్టదు. దీని పెద్దకూతురి స్కూలు ఫీజు మేమే కడుతున్నాం." అది నిజమే. పండక్కి చీర పెడుతుంది, జ్వరమొస్తే మాత్రలు తెప్పిస్తుంది. మనసున్న మనిషని అపార్టుమెంటులో ఎవర్నడిగినా చెబుతారు.

నీళ్లు కొట్టి గది కడిగించి, ఘాటు పోయేదాకా ఆగి, టీవీ కాసేపు కట్టేయమని స్విచ్ వేశాను.

వేయగానే కీచుమంటూ ఒక అరుపు. దాని వెనక గుర్రుమనే అదురు. ఆ రెండింటి మధ్య, ఒక లెక్కంటూ లేకుండా, టకటకా టకటకా. ఒక ఫ్యానులోంచి మూడు చప్పుళ్లు వస్తున్నాయంటే మూడు రోగాలున్నట్టు. అన్నిటినీ కలిపి మోత అనేస్తే దేనికీ మందు దొరకదు. నేనింకా వింటూనే ఉన్నాను, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ పిల్ల నెమ్మదిగా అంది:

"పెద్దమ్మగారూ, ఆ కీచు పొద్దున్నే వేస్తే ఎక్కువుంటదండీ. కాసేపు తిరిగాక తగ్గుద్ది. ఇంకోటండీ, ఇదివరకు స్విచ్ ఆపినాక కూడా చాలాసేపు దానంతటది తిరిగి తిరిగి ఆగేది. ఇప్పుడు ఆపగానే టక్కున నిలబడిపోతోంది."

నేను వెనక్కి తిరిగి ఆ పిల్ల ముఖంలోకి చూశాను. మా షాపులో కుర్రాళ్లకి ఈ పరీక్ష నేర్పడానికి మా వారికి నెలలు పట్టేది. స్విచ్ ఆపాక రెక్క ఎంతసేపు తిరుగుతుందో చూడాలి. హాయిగా తిరిగి ఆగితే లోపల బుష్ బాగున్నట్టు, పట్టేసినట్టు ఆగిపోతే ఎండిపోయినట్టు. మోటారు వేడెక్కాక కీచు తగ్గడం కూడా దానికి గుర్తే, ఎందుకంటే బుష్‌లో మిగిలిన కాస్త నూనె వేడికి పల్చబడి పైకి ఊరుతుంది.

"ఆ టకటక సంగతేంటి మరి?" అని అడిగాను.

"అది మోటారుది కాదండీ. గాలి గట్టిగా కొట్టిన రోజు ఫ్యాను వేయకపోయినా వినపడద్ది. బయట రేకులేనండీ."

సరిగ్గా చెప్పింది. ఫ్యాను వెనక, డక్టు వైపు, గాలికి తెరుచుకుని మూసుకునే పల్చటి రేకులుంటాయి. వాటి ఇరుసుల్లో పావురాల ఈకలు చుట్టుకుని సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి.

"ఇవన్నీ నీకెలా తెలుసే?" అని ఇంటావిడ ఆశ్చర్యపోయింది.

"రోజూ ఇందులోనే కదండీ అమ్మగారూ నా పని. వింటానే ఉంటాను."

పని మొదలుపెట్టాం. స్విచ్ ఆపితే సరిపోదని ఆ పిల్లకి కూడా చూపించాను. కొన్ని ఇళ్లలో వైరింగు చేసినవాడు ఫేజు వైరుకి బదులు న్యూట్రల్‌ని స్విచ్‌లోంచి తిప్పి ఉంటాడు. అలాంటి చోట స్విచ్ ఆపినా ఫ్యాను దాకా కరెంటు వస్తూనే ఉంటుంది. తడి నేల మీద స్టూలెక్కి దాన్ని ముట్టుకుంటే ఇంకేమైనా ఉందా? బోర్డులో ఎంసీబీ దించి, వైర్ల దగ్గర టెస్టర్ పెట్టి, అది వెలగలేదని చూశాకే చెయ్యి వేశాను. ఆ పిల్ల స్టూలు కదలకుండా పట్టుకుంది. స్క్రూలు తుప్పుపట్టి గీత అరిగిపోయాయి. ఒక్కోదాని నెత్తిన సుత్తితో మెల్లగా కొట్టి, తుప్పు వదిలాక తిప్పితే వచ్చాయి. వైర్లు ఏది ఎక్కడ ఉందో సెల్‌ఫోనులో ఫోటో తీయించి, ఊడదీసి, ఫ్యానుని కిందికి దించాను.

రెక్కల్ని పట్టుకునే నట్టు దగ్గర చాలామంది బోల్తాపడతారు. ఇలాంటి చిన్న ఫ్యాన్లలో చాలావాటికి అది ఎడమ మర. మామూలు నట్టు ఊడే వైపుకి తిప్పితే ఇది బిగుసుకుంటుంది. ఫ్యాను తిరిగే ఊపుకి వదులవకుండా అలా పెడతారు. తెలియక బలం పెడితే ప్లాస్టిక్ రెక్క పుటుక్కున విరుగుతుంది. నట్టు తీసి రెక్క చేతికిచ్చాను. "అమ్మో, ఎంత బరువుందండీ!" అంది ఆ పిల్ల. దుమ్ము, టవళ్ల పీచు, పౌడరు, ఆవిరి కలిసి అట్టకట్టి, రెక్కల అంచున నల్లటి పొర వేలిమందాన పేరుకుంది. అన్ని రెక్కలకీ సమానంగా పేరుకుంటే ఇబ్బంది ఉండేది కాదు. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ. గుర్రుమనే అదురు అందుకే. బకెట్లో సర్ఫు నీళ్లు కలిపి, పాత టూత్‌బ్రష్షుతో రెక్కల్ని, రేకుల్ని ఆ పిల్లే తోమింది. మోటారు మీద మాత్రం చుక్క నీరు పడనివ్వలేదు.

మోటారు మూత తీయగానే ముక్కు పసిగట్టేసింది, కొబ్బరినూనె! "ఆయన అప్పుడప్పుడూ రెండు చుక్కలు వేసేవారండీ" అంది ఇంటావిడ. చాలా ఇళ్లలో ఇదే వైద్యం. వేసిన రోజున చప్పుడు తగ్గుతుంది కాబట్టి అది మందనుకుంటారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. చలికాలం తెల్లవారుజామున మన దగ్గర అంతకంటే చల్లగానే ఉంటుంది. మిగతా కాలంలో మోటారు వేడికి మరిగి మరిగి బంకలా అంటుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టేవాళ్లూ ఉన్నారు. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, పోతూ పోతూ ఉన్న కాస్త నూనెనీ కడిగేస్తుంది.

ఈ మోటార్లలో షాఫ్టు తిరిగే బుష్ గట్టి లోహం ముక్కలా కనిపిస్తుంది గానీ, కంచు పొడిని అచ్చులో నొక్కి కాల్చి చేసినది. దాని ఒంటి నిండా కంటికి కనపడని సందులు. దాని పరిమాణంలో దాదాపు అయిదో వంతు ఖాళీయే, ఆ ఖాళీలో నూనె దాగి ఉంటుంది. తిరిగేటప్పుడు వేడికి నూనె బయటికి ఊరి షాఫ్టుకి పొరలా అంటుతుంది, ఆగి చల్లారాక మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. చుట్టూ ఉన్న ఫెల్టు ఉంగరం దానికి అదనపు నిలవ. బంక ఆ సందుల్ని మూసేస్తే ఇక ఇనుమూ కంచూ ఒరుసుకోవడమే. ఎంత తెలివైన తయారీ అది! దాన్ని మన చేత్తో మనమే చంపుకుంటాం.

షాఫ్టుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాను. ఆట లేదు, అంటే బుష్ అరగలేదు, ఎండిందంతే. అరిగి ఉంటే బుష్ మార్చాల్సి వచ్చేది. ఫెల్టు ఉంగరాన్ని శుభ్రంగా పిండి ఆరబెట్టి, కుట్టుమిషను నూనె చుక్కచుక్కగా వేశాను. ఒకేసారి గుమ్మరిస్తే వైండింగు మీదికి చిమ్ముతుంది. ఒక చుక్క వేసి, షాఫ్టు తిప్పి, అది ఇంకాక మరో చుక్క.

ఈలోగా ఇంటావిడ మజ్జిగ తెచ్చింది. అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేసిన చల్లటి మజ్జిగ. నాకో గ్లాసు, ఆ పిల్లకో గ్లాసు.

"నాకొద్దు అమ్మగారూ."

"తాగవే, చెమటలు ధారలు కడుతున్నాయి."

"వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను."

"చూశారా పిన్నిగారూ, దీనికెప్పుడూ ఇంతే మొహమాటం. ఏమిచ్చినా తాగదు. ఇంత ఎండలో కుండలో నీళ్లు కూడా ముట్టుకోదు. ఇంట్లో మనిషిలా ఉండమంటే వినదు కదా!" అని ఆవిడ నిజంగానే నొచ్చుకుంది. ఆ పిల్ల తల దించుకుని రెక్కలు తుడుస్తోంది. పెదవులు ఎండి పొక్కులు కట్టి ఉన్నాయి. మధ్యమధ్యలో నడుం మీద చెయ్యి వేసుకుని నొక్కుకుంటోంది.

బిగించేటప్పుడు పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి ఫ్రేముకీ గోడకీ మధ్య పెట్టాను, అదురు గోడలోకి దిగకుండా. బయటి రేకుల అంచులకీ సన్నటి ముక్కలు అంటించాను. ఎంసీబీ ఎత్తి స్విచ్ వేశాను.

ఇంటావిడ కాసేపు పైకే చూస్తూ నిలబడింది. "ఏం పిన్నిగారూ, తిరగట్లేదేంటి?"

"తిరుగుతోంది, రెక్కలు చూడు."

టిష్యూ కాగితం ఒకటి దారానికి కట్టి ఫ్యాను దగ్గరగా పట్టాను. అది ఫ్యాను వైపుకి లాక్కుపోయింది. తలుపు వేసి కింద సందు దగ్గర ఇంకో కాగితం పెడితే అది లోపలికి రెపరెపలాడింది. ఆ సందు మూసుకుపోతే ఫ్యాను ఎంత మంచిదైనా ఊరికే గింజుకుంటుంది, గాలి లోపలికొస్తేనే కదా బయటికి పోయేది. "నీ బాత్‌రూమ్ అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ఎత్తు ఎనిమిదడుగులు వేసుకున్నా తొమ్మిది ఘనమీటర్ల గాలి. ఇది గంటకి రెండొందల ఘనమీటర్లు తోసినా మూడు నిమిషాల్లో గదిలో గాలంతా మారిపోతుంది. ఎవరు వెళ్లొచ్చినా ఆ తర్వాత కాసేపు తిరగనివ్వు. ఇక వాసనన్న మాటే ఉండదు" అని చెప్పాను.

ఆవిడ సంబరం చూడాలి. ముందుగదిలోంచి ఆయన్ని పిలుచుకొచ్చి చూపించింది. నాకు కొత్త సబ్బు విప్పి, "ఇక్కడే కడుక్కోండి పిన్నిగారూ" అని కుళాయి తిప్పింది. ఆ పిల్ల నల్లబడిన చేతులతో వెనక బాల్కనీలో గిన్నెలు తోమే కుళాయి దగ్గరికి వెళ్లింది.

"రోగం సగం కనిపెట్టింది ఈ పిల్లే. దీనికి చెవి ఉంది. మోటారు పని నేర్చుకుంటే బాగుపడుతుంది" అన్నాను ఇంటావిడతో. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. వైండింగు పనికి ఓపికున్న చేతులూ, వినే చెవులూ కావాలి. ఆడపిల్లలు ఈ పనిలోకి రాకపోవడానికి నాకు ఎప్పుడూ కారణం కనపడలేదు.

నా సంచి ఆ పిల్లే మోసుకుని నాతోపాటు కిందికి వచ్చింది. ఆ ఇంట్లో పని అయిపోయింది, పక్క బ్లాకులో ఇంకో ఇంటికి వెళ్లాలట. మా గుమ్మం దగ్గర సంచి దించాక, "లోపలికి రా తల్లీ, కుండలో నీళ్లు చల్లగా ఉన్నాయి, తాగి వెళ్దువు గాని" అన్నాను.

ఆ పిల్ల కదల్లేదు. అటూ ఇటూ చూసింది.

"పెద్దమ్మగారూ... ఏమనుకోనంటే, మీ బాత్‌రూమ్‌కి ఒకసారి వెళ్లి రావచ్చాండీ?"

"అడగడమేంటే? అదిగో, వెళ్లు."

వెళ్లొచ్చి, తనే కుండ దగ్గర కూర్చుని, గ్లాసు దించకుండా ఒకటి, దాని మీద ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి తాగింది. నీళ్లు గడ్డం మీదుగా కారి జాకెట్టు తడిసిపోయింది.

"ఇంత దాహం పెట్టుకుని పైన మజ్జిగిస్తే వద్దన్నావేం?"

"తాగితే మళ్లీ వెళ్లాల్సొస్తది కదండీ. కింద సెల్లారులో వాచ్‌మన్ వాళ్ల దొడ్డికి తాళం వేసుకుంటున్నారు. పొద్దున్నే ఆరింటికి ఇంటికాడ వెళ్లొస్తానండీ, మళ్లీ రెండింటికి ఇంటికి పోయినాకే. మూత్రంలో మంటని పోయినవారం డాక్టరమ్మకి చూపించుకుంటే నీళ్లు బాగా తాగమంది."

"పొద్దుటి నుంచీ ఆ బాత్‌రూమ్‌లోనే ఉన్నావుగా అమ్మాయ్!"

ఆ పిల్ల గ్లాసు బోర్లించి, కొంగుతో మూతి తుడుచుకుని లేచింది.

"అది కడగడానికేనండీ."

పై ఫ్లాటులో ఉండేది భార్యాభర్తలిద్దరు. బాత్‌రూములు మూడు.